కుటుంబంలో లైంగిక విద్య

కుటుంబంలో లైంగిక విద్య అనగా పిల్లలకు తమ శరీరం, మనసులో కలిగే భావాలు, స్త్రీపురుష భేదం, సంతానోత్పత్తి, ఇతరులతో గౌరవంగా మెలగవలసిన తీరు మొదలైన విషయాలను తల్లిదండ్రులు, ఇంటి పెద్దలు వయసుకు తగినట్లుగా తెలియజెప్పడం. ఇది పిల్లలు బడిలో చేరడానికి ముందే మొదలవుతుంది, బడి చదువు ముగిసిన తరువాత కూడా సాగుతుంది. లైంగిక విద్య అనగానే సంభోగం గురించి చెప్పడమని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ భాగం చిన్నది, చివరి దశలో వచ్చేది. దానికంటే ముందు పిల్లలు నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి: తన శరీరంలోని భాగాలకు పేర్లు, తన కోపానికీ భయానికీ పేర్లు, వద్దు అనగలగడం, ఎదుటివారు వద్దన్నప్పుడు ఆగిపోవడం, ఏదైనా జరిగినప్పుడు ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలో తెలిసి ఉండడం.

అర్థము, పరిధి

భారతదేశంలో ఈ విషయం జనాభా విద్య, కుటుంబ జీవన విద్య, కౌమార విద్య, జీవన నైపుణ్యాల విద్య అనే పలు పేర్లతో వ్యవహరించబడింది. ఈ పేర్లన్నీ పూర్తిగా ఒకటి కావు, అయితే పేరు మారినప్పుడల్లా "లైంగిక" అనే మాట పట్ల ఉన్న జంకు కూడా కొంత కారణమని చెప్పవచ్చు.

యునెస్కో 2009లో ఈ విషయమై అంతర్జాతీయ మార్గదర్శకాలు ప్రచురించి, 2018లో వాటిని సవరించింది. సవరించిన మార్గదర్శకాల ప్రకారం బోధనాంశాలు ఎనిమిది: మానవ సంబంధాలు, విలువలు, హక్కులు, సంస్కృతి, స్త్రీపురుష సామాజిక భేదాల అవగాహన, హింస నుండి రక్షణ, ఆరోగ్యానికి అవసరమైన నైపుణ్యాలు, మానవ శరీరం, దాని ఎదుగుదల, లైంగికత, లైంగిక ప్రవర్తన, లైంగిక మరియు పునరుత్పత్తి ఆరోగ్యం. ఎనిమిదింటిలో మొదటిది మానవ సంబంధాలు కావడం గమనించదగినది. ఈ అంశాలను 5 నుండి 8, 9 నుండి 12, 12 నుండి 15, 15 నుండి 18 ఆపైన అనే నాలుగు వయో వర్గాలుగా విభజించారు. ఇటువంటి విద్య వలన పిల్లలు తొందరపడి లైంగిక సంబంధాలలోకి దిగుతారనే భయానికి ఆధారం లేదని ఆ మార్గదర్శకాల కొరకు జరిపిన పరిశోధనల సమీక్షలో తేలింది.

చరిత్ర

వాత్స్యాయనుని కామసూత్రాలు, తెలుగులో కూచిరాజు ఎఱ్ఱన రచించిన కొక్కోకము వంటి గ్రంథాలను చూపి మన పూర్వులకు ఈ విషయంలో అరమరికలు లేవని అనడం పరిపాటి. కానీ అవి వయోజనుల కొరకు వ్రాసినవి, పిల్లల పెంపకానికి వాటితో సంబంధం లేదు.

ఆధునిక కాలంలో ఈ పనికి పూనుకొన్నవారిలో రఘునాథ్ ధోండో కర్వే ముఖ్యుడు. ఆయన 1921లో బొంబాయిలో సంతాన నిరోధ కేంద్రాన్ని ప్రారంభించాడు. 1927 నుండి 1953లో మరణించేవరకు "సమాజ్ స్వాస్థ్య" అనే మరాఠీ మాసపత్రికను నడిపి, అశ్లీలం పేరిట కోర్టు కేసులను ఎదుర్కొన్నాడు. 1949లో ఏర్పడిన భారత కుటుంబ నియంత్రణ సంఘం తరువాతి దశాబ్దాలలో లైంగిక విద్యను, సలహా కేంద్రాలను తన కార్యక్రమాలలో చేర్చింది. ఈ సంఘంలో పనిచేసిన డాక్టర్ మహీందర్ వత్స పత్రికలలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు చెబుతూ దేశమంతటా పేరు పొందాడు. ఆయన 2020 డిసెంబరులో మరణించాడు.

తెలుగునాట గుడిపాటి వెంకటచలం (1894-1979) పేరు ముందుగా చెప్పుకోవాలి. ఆయన వివాదాస్పద నవలలు అందరికీ తెలుసు గాని, పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన అనుభవంతో పిల్లల పెంపకంపై వ్రాసిన "బిడ్డల శిక్షణ" అంతగా ప్రచారం పొందలేదు. పిల్లలను భయపెట్టి, కొట్టి పెంచడాన్ని ఆయన అందులో తీవ్రంగా వ్యతిరేకించాడు. తరువాతి తరంలో విజయవాడకు చెందిన వైద్యుడు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు అయిన డాక్టర్ జి. సమరం తన పుస్తకాల ద్వారా, స్వాతి వారపత్రికలోని ప్రశ్నోత్తరాల ద్వారా కొన్ని దశాబ్దాలపాటు తెలుగు పాఠకులకు లైంగిక విజ్ఞానాన్ని అందించాడు. ఈ శీర్షికను ఎంతోమంది ఇంట్లో పెద్దల కంట పడకుండా చదివేవారన్నది తెలిసిన సంగతే. తల్లిదండ్రులను అడగలేని ప్రశ్నను ముఖం ఎరుగని వైద్యునికి ఉత్తరం ద్వారా వ్రాయవలసి వచ్చిందంటే ఇళ్ళలో పరిస్థితి ఏమిటో తెలుస్తుంది.

హెచ్.ఐ.వి. వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటిగా ఆంధ్రప్రదేశ్ గుర్తింపబడిన తరువాత, 2000ల తొలి సంవత్సరాలలో గోడలపైనా, హోర్డింగులపైనా వెలసిన "పులిరాజా" ప్రచారం కండోమ్ అనే మాటను వీధిలోకి తెచ్చింది. ఆ ప్రకటనను చూసి పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన పని మాత్రం ఇంటి పెద్దల మీదనే పడింది.

2005లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలల్లో కౌమార విద్యా కార్యక్రమాన్ని చేపట్టాయి. 2007లో అందులోని బొమ్మలు, పాఠాలు మన సంస్కృతికి తగినవి కావంటూ మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు దానిని నిలిపివేశాయి. విషయం రాజ్యసభ పిటిషన్ల సంఘం ముందుకు వెళ్ళింది. నెల్లూరు జిల్లాకు చెందిన ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షుడుగా ఉన్న ఆ సంఘం 2009లో ఇచ్చిన నివేదికలో పాఠశాలల్లో లైంగిక విద్య ఉండరాదని సిఫారసు చేసింది. ఇటువంటి విషయాలు ఇంట్లో పెద్దలే చూసుకుంటారన్న వాదన ఆనాటి చర్చలలో తరచు వినిపించింది. ఇంట్లో నిజంగా ఎవరు, ఏ మాటలతో, ఎప్పుడు చెబుతారన్న ప్రశ్న జోలికి మాత్రం ఎక్కువమంది పోలేదు.

2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుండి 19 సంవత్సరాలవారిని ఉద్దేశించినది. ఆయుష్మాన్ భారత్‌లో భాగమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాలలో భావోద్వేగాల ఆరోగ్యం, పరస్పర సంబంధాలు, స్త్రీపురుష సమానత్వం, అంతర్జాలంలో భద్రత కూడా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాలకు సంబంధించిన ఒక కేసు తీర్పులో, లైంగిక విద్య గురించిన అపోహలను ప్రస్తావించి, సమగ్రమైన లైంగిక విద్యా కార్యక్రమాన్ని పరిశీలించవలసిందిగా కేంద్ర ప్రభుత్వానికి సూచించింది.

తెలుగు ఇళ్ళలో పరిస్థితి

తెలుగు కుటుంబాలలో ఈ విషయమై పూర్తి మౌనం ఉన్నదనడం సరికాదు. మాట్లాడేవారు, మాట్లాడే సందర్భాలు ముందే నిర్ణయమై ఉంటాయి. ఉమ్మడి కుటుంబాలలో ఆడపిల్లకు చెప్పవలసినది అమ్మ కాక అమ్మమ్మో, మేనత్తో, వదినో చెప్పడం పరిపాటిగా ఉండేది. వదిన ఆడబిడ్డల మధ్య పరిహాసానికి చోటున్నందున కొన్ని విషయాలు నవ్వులాటలోనే తెలిసిపోయేవి. అబ్బాయిలకు ఆపాటి ఏర్పాటు కూడా లేదు. వారు తెలుసుకొన్నది స్నేహితుల వద్ద, గోడమీది రాతల వద్ద, సినిమాల వద్ద. చిన్న కుటుంబాలు పెరిగి, పిల్లలు హాస్టళ్ళలో ఇంటర్మీడియెట్ చదువులకు వెళ్ళడం సాధారణమైన తరువాత ఆ వదిన, మేనత్తల ఏర్పాటు కూడా సడలిపోయింది, దాని స్థానంలో మరొకటి ఏర్పడలేదు.

"నేనెక్కడి నుండి వచ్చాను?" అని పిల్లలు అడిగినప్పుడు "తవుడు పోసి కొన్నాం" అనీ, "దేవుడిచ్చాడు" అనీ, "ఆసుపత్రి నుండి తెచ్చాం" అనీ చెప్పడం చాలా ఇళ్ళలో ఉన్నదే. ఇది హాస్యంగా చెప్పే మాటే అయినా, పిల్లలు కొంతకాలానికి అసలు సంగతి బయట తెలుసుకొంటారు. అప్పుడు వారికి రెండు విషయాలు అర్థమవుతాయి: ఇంట్లో చెప్పినది నిజం కాదు, ఈ సంగతి ఇంట్లో అడగరాదు. రెండవదాని వలన కలిగే నష్టం ఎక్కువ. తరువాత ఎప్పుడో నిజంగా చెప్పుకోవలసిన సంగతి జరిగినపుడు ఆ బిడ్డ ఇంట్లో నోరు విప్పదు.

అవయవాల పేర్లు

పసిపిల్లలకు కన్ను, ముక్కు, చెవి చూపిస్తూ పేర్లు నేర్పే ఆట ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆ ఆటలో చేయి బొడ్డు దాకా వచ్చి, అక్కడి నుండి నేరుగా మోకాలికి దిగిపోతుంది. మధ్యలోని భాగాలకు ఇంటింటికీ ఒక ముద్దుపేరు ఉంటుంది, లేదా "ఛీ" అన్న మాటే పేరు అవుతుంది. తెలుగులో ఈ చిక్కు భాషకు సంబంధించినది కూడా. శిశ్నం, యోని, వృషణాలు వంటి సంస్కృత పదాలు పాఠ్యపుస్తకాలకు పరిమితం. వాడుకలో ఉన్న అచ్చతెలుగు మాటలు తిట్లుగా మారిపోయాయి. నడిమిస్థాయి మాట లేకపోవడంతో చాలామంది తల్లిదండ్రులు ఆంగ్ల పదాలను ఆశ్రయిస్తున్నారు, పరాయి భాషలో మాట అంతగా సిగ్గు కలిగించదు గనుక.

ఏ భాషలోని మాటైనా ఫరవాలేదు గాని, ఇంట్లోవారికే కాక బయటివారికి కూడా అర్థమయ్యే మాట పిల్లలకు తెలిసి ఉండడం అవసరం. మూత్రం పోసేటప్పుడు మంట పుట్టినా, దెబ్బ తగిలినా, ఎవరైనా అక్కడ తాకినా ఆ బిడ్డ వైద్యునికి, ఉపాధ్యాయునికి ఆ మాటతోనే చెప్పుకోవాలి. స్నానం చేయించే సమయం ఈ పేర్లు నేర్పడానికి అనువైనది. మోకాలు అన్నంత మామూలు గొంతుతో చెబితే చాలు.

భావోద్వేగాలు

శరీరం గురించి మాట్లాడడం కంటే మనసు గురించి మాట్లాడడం తేలిక అనిపిస్తుంది గాని, అదీ అలవాటు లేని పనే. తెలుగులో భావాలకు మంచి మాటలు కొదువలేదు. కోపం వేరు, ఉక్రోషం వేరు, అలక వేరు. అమ్మ ఊరికి వెళ్తే కలిగేది బెంగ, కొత్తవారి ముందు కలిగేది బిడియం, చీకట్లో కలిగేది బెదురు, తమ్ముడిని ఎత్తుకొంటే కలిగేది ఈర్ష్య. ఈ మాటలను పిల్లల ఎదుట వాడుతూ, "నీకు కోపం కాదు, ఉక్రోషం వచ్చింది, ఆటలో ఓడిపోయావు గనుక" అని చెబితే పిల్లలు తమ లోపల జరుగుతున్నదాన్ని గుర్తించడం నేర్చుకొంటారు. మూడు నాలుగేళ్ళ వయసులో పిల్లలు కొట్టడం, కరవడం వంటివి చేసేది చాలావరకు మాట దొరకకపోవడం వలననే.

అబ్బాయిల విషయంలో ఇది మరింత ముఖ్యం. "ఆడపిల్లలా ఏడుస్తావేం" అనే మాట ఏడుపును అవమానంగా మారుస్తుంది, ఆ ఒక్క వాక్యంలోనే ఆడపిల్లను కూడా తక్కువ చేస్తుంది. ఏడవడానికి వీలులేని అబ్బాయికి మిగిలే భావం కోపం ఒక్కటే. పెద్దయ్యాక ఇష్టపడిన అమ్మాయి కాదన్నప్పుడు కలిగే బాధను, అవమానాన్ని, ఒంటరితనాన్ని కూడా అతడు కోపంగానే తెలుసుకొంటాడు. అమ్మాయిల వైపు చూస్తే కోపానికి చోటు లేదు: గట్టిగా మాట్లాడితే గయ్యాళి అంటారు, అలిగితే మురిపెంగా చూస్తారు. తనకు నచ్చనిది గట్టిగా చెప్పడం నేర్వని పిల్ల, చెప్పవలసిన చోట కూడా నవ్వి ఊరుకొంటుంది.

తల్లిదండ్రులు తమ భావాలను కూడా పేరు పెట్టి చెప్పడం మంచిది. "నాకిప్పుడు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతాను" అని తండ్రి అనడం పిల్లలకు గంటసేపటి ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది. కోపం తగ్గిన తరువాత వచ్చి మాట్లాడడం కూడా ఇందులో భాగమే.

వయసును బట్టి

రెండు నుండి ఐదేళ్ళ వరకు అవయవాల పేర్లు, ఆడ మగ తేడా, శరీరంలోని కొన్ని భాగాలు ఇతరులకు చూపకూడనివి అన్న సంగతి చాలు. ఈ వయసులో పిల్లలు తమ జననాంగాలను తాకుకోవడం సహజం. కొట్టడం, భయపెట్టడం వలన మేలు లేదు. అది నలుగురిలో చేసే పని కాదని చెప్పవచ్చు. బిడ్డ ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు "అమ్మ కడుపులో గర్భసంచి అని ఒకటి ఉంటుంది, అందులో పెరుగుతుంది" అన్న జవాబు సరిపోతుంది. అడిగినంతవరకు చెప్పి ఆగాలి. ఇంకా కావాలంటే వారే అడుగుతారు.

ఆరు నుండి తొమ్మిదేళ్ళ మధ్య బిడ్డ ఎలా ఏర్పడుతుందో, స్త్రీ అండం, పురుషుని వీర్యకణం కలవడం గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పల్లెల్లో పెరిగే పిల్లలు పశువులను చూసి ఉంటారు గనుక అక్కడి నుండి మాట మొదలుపెట్టడం సులువు.

యవ్వనారంభ మార్పులు ఆడపిల్లల్లో 8 నుండి 13, మగపిల్లల్లో 9 నుండి 14 సంవత్సరాల మధ్య మొదలవుతాయి. ఎనిమిదేళ్ళకు రొమ్ములు ఎదగడం మొదలైన పిల్లకు పన్నెండేళ్ళు వచ్చాక చెబుదామనుకోవడం ఆలస్యమే అవుతుంది. కాబట్టి ఎనిమిది తొమ్మిదేళ్ళకే ఈ సంగతులు తెలిసి ఉండడం మంచిది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కౌమార దశ గురించిన పాఠం ఎనిమిదవ తరగతి పుస్తకంలో వస్తుంది. అప్పటికి చాలామంది పిల్లలు ఆ మార్పుల మధ్యలో ఉంటారు.

పదమూడేళ్ళు దాటిన పిల్లలకు ఆకర్షణ, ప్రేమ, గర్భధారణ, గర్భనిరోధక సాధనాలు, సుఖవ్యాధులు, హెచ్.ఐ.వి. గురించి సూటిగా చెప్పవలసి ఉంటుంది. కొందరికి తమ లింగానికి చెందినవారి పట్లనే ఆకర్షణ కలగవచ్చు, కొందరు పుట్టినప్పుడు చెప్పిన లింగంతో తమను గుర్తించుకోలేకపోవచ్చు. ఇది రోగం కాదు, పెంపకంలోని లోపం కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును 2014లో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. 2018లో వయోజనుల స్వలింగ సంబంధాలను నేరం కాదని తీర్పునిచ్చింది. ఇల్లు విడిచి వెళ్ళే పరిస్థితి రాకుండా ఉండాలంటే బిడ్డ ఈ మాటను మొదట ఇంట్లో చెప్పగలగాలి.

ఈ మాటలకు ప్రత్యేకమైన "కూర్చోబెట్టి చెప్పే" సమావేశం అవసరం లేదు, అది ఇరువర్గాలకూ ఇబ్బందే. బండి మీద వెళ్తున్నపుడో, కూరగాయలు తరుగుతున్నపుడో, ముఖాముఖి చూసుకోనవసరం లేని సమయంలో రెండేసి నిమిషాల మాటలు ఎక్కువ ఫలితమిస్తాయి. జవాబు తెలియనప్పుడు "నాకు తెలియదు, కనుక్కొని చెబుతాను" అని, ఆ తరువాత నిజంగా చెప్పాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఇవేవీ అవసరం లేదనుకోవడం పెద్ద పొరపాటు. శరీరం అందరిలాగే ఎదుగుతుంది, ప్రమాదం మాత్రం ఇతరులకంటే ఎక్కువ. వారికి బొమ్మలతో, చిన్న మాటలతో, మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

రజస్వల వేడుక, అబ్బాయిల సంగతి

ఆడపిల్ల ఈడేరడాన్ని సమర్తాడడం, పెద్దమనిషి కావడం, పుష్పవతి కావడం అని పలు పేర్లతో పిలుస్తారు. పిల్లను చాప మీద వేరుగా కూర్చోబెట్టడం, నువ్వులు బెల్లంతో దంచిన చిమ్మిలి పెట్టడం, మేనమామ చీర తేవడం, పేరంటాళ్ళు హారతి ఇవ్వడం మొదలైనవి ప్రాంతాన్ని, కులాన్ని బట్టి మారుతూ ఉంటాయి. ఇటీవలి దశాబ్దాలలో ఇది ఓణీల ఫంక్షన్‌గా, ఫ్లెక్సీ బ్యానర్లతో, ఫంక్షన్ హాళ్ళలో జరిగే పెద్ద వేడుకగా మారింది. మగపిల్లలకు పంచెల ఫంక్షన్ కూడా చేస్తున్నారు.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. ఊరందరికీ కార్డు పంచి చెప్పిన సంగతిని ఆ పిల్లకు మాత్రం ఎవరూ సరిగా వివరించరు. రక్తం చూసి తనకేదో జబ్బు చేసిందని భయపడిన పిల్లలు, ఆ భయం తీరకముందే పీట మీద కూర్చొని ఫొటోలు దిగవలసి వస్తుంది. ఆ వెంటనే "ఇక నువ్వు చిన్నపిల్లవు కాదు" అన్న మాటతో ఆటలు, అబ్బాయిలతో స్నేహం ఆగిపోతాయి. చెప్పవలసినవి మాత్రం సామాన్యమైనవే: గర్భసంచి లోపలి పొర ప్రతినెలా ఊడి రక్తంతో బయటకు వస్తుంది, మొదటి ఒకటి రెండేళ్ళు క్రమం తప్పి రావచ్చు, ప్యాడు నాలుగు నుండి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి, బడికి పోలేనంత నొప్పి ఉంటే వైద్యునికి చూపించాలి. మైల, ముట్టు అనే మాటలకు శాస్త్రీయమైన ఆధారం లేదు. వేడుక చేయాలా వద్దా అన్నది ఆ ఇంటివారి ఇష్టం. పిల్లను అడగడం మాత్రం మరువరాదు. తండ్రికి, అన్నదమ్ములకు కూడా ఈ సంగతి తెలిసి ఉంటే ప్యాడ్లు నల్లకవరులో దాచి తేవలసిన అవసరం ఉండదు.

అబ్బాయిలకు గొంతు మారడం, అంగస్తంభన, నిద్రలో వీర్యస్ఖలనం ఏ హెచ్చరికా లేకుండా ఎదురవుతాయి. వీర్యం పోతే బలం పోతుందనే నమ్మకం వలన ఎంతోమంది యువకులు కుంగిపోతారు. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత", "రహస్య రోగాలు" అని కనిపించే ప్రకటనలు ఈ భయం మీదనే బతుకుతాయి. ఇటువంటి ప్రకటనలను అరికట్టడానికి 1954లోనే కేంద్ర చట్టం వచ్చింది. స్వప్నస్ఖలనం గాని హస్తప్రయోగం గాని రోగం కాదని, వాటివలన బలహీనత రాదని ఒక్కసారి తండ్రో, మామయ్యో చెబితే ఆ గోడరాతలకు గిరాకీ పోతుంది.

సమ్మతి, గౌరవం

ఎదుటివారి ఇష్టాన్ని అడగడం, కాదంటే ఆగడం అనేది ముద్దుల దగ్గర మొదలవుతుంది. బంధువులు వచ్చినపుడు "తాతకు ముద్దు పెట్టు", "బావ పక్కన కూర్చో" అని పిల్లలను ఒత్తిడి చేయడం మనకు అలవాటు. పిల్ల వెనకాడితే సిగ్గు అంటాం. నమస్కారం పెట్టడం మర్యాద, అది నేర్పవచ్చు. ముద్దు, కౌగిలింత, ఒడిలో కూర్చోవడం మాత్రం బిడ్డ ఇష్టానికి వదలాలి. మేనరికపు వరసల కారణంగా బావామరదళ్ళ మధ్య పరిహాసం మన భాషలోనే ఉన్నది. నాలుగేళ్ళ పిల్లను చూపి "నీ పెళ్ళాం" అని ఆరేళ్ళవాడిని ఆటపట్టించడంలో ఎవరికీ దురుద్దేశం ఉండదు; ఆ అబ్బాయి మాత్రం ఆ పిల్ల ఇష్టంతో నిమిత్తం లేకుండా ఆమె తనదని వింటూ పెరుగుతాడు.

సినిమా ప్రభావం ఇక్కడ చెప్పక తప్పదు. కథానాయకుడు కథానాయిక వెంటపడడం, ఆమె విసుక్కొన్నకొద్దీ మరింత వెంటపడడం, చివరకు ఆమె ప్రేమించడం దశాబ్దాలుగా తెలుగు సినిమాలలో సాగుతున్న కథ. 2008 డిసెంబరులో వరంగల్లులో ప్రేమ నిరాకరణను కారణంగా చేసుకొని ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు మరణించారు. నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయారు. అప్పుడు జరిగిన చర్చ ఎక్కువగా శిక్షల గురించే సాగింది. కాదన్నప్పుడు తట్టుకొనడం కూడా నేర్పవలసిన విద్యేనన్న సంగతి వెనుకబడింది. పిల్లలతో సినిమా చూస్తూ "ఆ అమ్మాయి వద్దంటున్నది కదా, అతను ఎందుకు ఆగలేదు?" అని అడగడం ఇంట్లో చేయదగిన పనులలో సులువైనది.

2015లో తెలంగాణలో ఇంజనీరింగ్ విద్యార్థుల కొరకు స్త్రీపురుష సమానత్వంపై తెలుగు, ఆంగ్ల భాషలలో ఒక పాఠ్యపుస్తకం తెచ్చారు. మంచి ప్రయత్నమే గాని, పద్దెనిమిదేళ్ళు నిండినవారికి తరగతి గదిలో చెప్పడం కంటే ఎనిమిదేళ్ళ కొడుకు ఎదుట తండ్రి తన పళ్ళెం తాను కడగడం ముందు జరగవలసినది.

లైంగిక వేధింపుల నుండి రక్షణ

కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించారు. 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. వారిలో సగం కంటే కొంచెం ఎక్కువమంది మగపిల్లలు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం సందర్భాలలో నేరం చేసినవారు బిడ్డకు తెలిసినవారు, లేదా బిడ్డ బాధ్యత వహించేవారు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతిని ఎవరికీ చెప్పలేదు.

ఈ అంకెలను బట్టి చూస్తే "తెలియనివారితో మాట్లాడకు" అన్న హెచ్చరిక ప్రమాదంలో కొంత భాగానికే సరిపోతుంది. బూచాడి కంటే ఇంటికి వచ్చిపోయేవారి గురించి ఎక్కువ ఆలోచించాలి. 2012 మే 13న ప్రసారమైన "సత్యమేవ జయతే" కార్యక్రమం రెండవ భాగం ఈ విషయంపైనే నడిచింది. తెలుగులో ఈటీవీలో వచ్చిన ఆ కార్యక్రమంలో ఆమిర్ ఖాన్ పిల్లలతో జరిపిన చిన్న శిక్షణ తరగతిని ఎన్నో కుటుంబాలు కలిసి చూశాయి.

మంచి స్పర్శ, చెడు స్పర్శ అన్న పాఠం ఇప్పుడు బడులలో కూడా చెబుతున్నారు. అయితే చెడు స్పర్శ ఎప్పుడూ నొప్పి కలిగించదు, మొదట్లో ముద్దుగా, ఆటగా కూడా ఉండవచ్చు. అందువలన "ఎలా అనిపించింది" అన్నదాని కంటే తేలికైన నియమాలు చెప్పడం మేలు: లోదుస్తులు కప్పే భాగాలను స్నానానికో, వైద్యానికో తప్ప ఎవరూ తాకరాదు, వైద్యుడు చూసేటప్పుడు కూడా అమ్మో నాన్నో ఉండాలి, ఎవరూ వారివి తాకమని అడగరాదు, అమ్మానాన్నలకు చెప్పవద్దని ఎవరైనా అంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. పుట్టినరోజు కానుక వంటి కొద్దిరోజుల గుట్టుకూ, ఎప్పటికీ చెప్పవద్దన్న రహస్యానికీ ఉన్న తేడా ఐదేళ్ళ పిల్లలకు కూడా అర్థమవుతుంది.

బిడ్డ వచ్చి చెప్పినప్పుడు పెద్దల ముఖంలో కనిపించేదే మొదటి జవాబు. "నిజమేనా?", "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వక్కడికి ఎందుకు వెళ్ళావు?" అన్న ప్రశ్నలు బిడ్డ నోరు మూయిస్తాయి. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు" అన్న రెండు మాటలు ముందు అనాలి. వివరాల కొరకు పదేపదే అడగరాదు. చేసినవాడు మామయ్యో, బాబాయో అయినప్పుడు పరువు పేరిట సంగతిని అణచివేయడం జరుగుతుంటుంది. ఆ మనిషి మళ్ళీ పండుగకు అదే ఇంటికి వచ్చినపుడు ఆ బిడ్డ అతనికి నమస్కారం పెట్టవలసి వస్తుంది.

ఫోను, అంతర్జాలం

స్మార్ట్‌ఫోన్లు చవకైన తరువాత పిల్లలు లైంగిక విషయాలను మొదట చూసేది అశ్లీల వీడియోలలో కావడం సాధారణమైంది. వాటిలో కనిపించేది నటన అనీ, అక్కడ సమ్మతికి గాని గౌరవానికి గాని చోటు ఉండదనీ పెద్దలు చెప్పకపోతే పిల్లలు అదే నిజమనుకొంటారు. ఫోను లాక్కోవడం వలన సమస్య తీరదు. పరిచయమైన వ్యక్తి ఫొటోలు అడిగి, తరువాత బెదిరించే సంఘటనలలో పిల్లలను మరింత చిక్కుల్లోకి నెట్టేది "ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అన్న భయమే. ఎంత పొరపాటు చేసినా ముందు ఇంటికి చెప్పవచ్చునన్న ధైర్యం ఉన్న పిల్లల వద్ద ఆ బెదిరింపు పనిచేయదు.

చట్టం

లైంగిక నేరాల నుండి బాలల రక్షణ చట్టం (పోక్సో) 2012 నవంబరు 14 నుండి అమలులో ఉంది. 18 సంవత్సరాలు నిండనివారందరూ, ఆడ మగ భేదం లేకుండా, దీని పరిధిలోకి వస్తారు. 2019లో శిక్షలను పెంచుతూ సవరించారు. నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడం నేరం. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్ద గాని బిడ్డ కోరిన చోట గాని, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫారం లేకుండా నమోదు చేయాలి. రాత్రిపూట బిడ్డను పోలీసు స్టేషనులో ఉంచరాదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా వైద్యురాలే చేయాలి. బిడ్డ పేరు, చిరునామా, ఫొటో పత్రికలలో ప్రచురించరాదు.

ఈ చట్టం సమ్మతి వయసును 16 నుండి 18కి పెంచింది. అందువలన 16, 17 ఏళ్ళ అమ్మాయి ఇష్టపడి వెళ్ళినా ఆ అబ్బాయిపై కేసు నమోదవుతుంది. ఈ సంగతి చాలామంది యువకులకు పోలీసు స్టేషనులోనే మొదటిసారి తెలుస్తుంది. బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 ప్రకారం వివాహ వయసు స్త్రీకి 18, పురుషునికి 21. అయినప్పటికీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుండి 24 సంవత్సరాల స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నారు. కూతురు ఎవరితోనో మాట్లాడుతున్నదని తెలిసి తొందరపడి పెళ్ళి చేసే ఇళ్ళు కూడా వీటిలో ఉన్నాయి. వెంటపడి వేధించడం 2013 నుండి ప్రత్యేక నేరం. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద వస్తుంది.

ఆపదలో ఉన్న పిల్లలు గాని, వారి తరఫున ఇతరులు గాని 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. 1996లో ముంబైలో మొదలైన ఈ చైల్డ్‌లైన్ సేవ 2023 నుండి ప్రభుత్వాల నిర్వహణలోకి వచ్చి, అత్యవసర నంబరు 112తో అనుసంధానించబడింది. తెలంగాణ పోలీసు శాఖ 2016లో హైదరాబాదులో ప్రారంభించిన భరోసా కేంద్రంలో బాధిత మహిళలకు, పిల్లలకు పోలీసు, వైద్య, న్యాయ, మానసిక సహాయం ఒకేచోట అందుతుంది.